మిగిలిన ముక్క

శేషారత్నం నోట ఒక మాట వెలువడిందంటే అది వీధి చివర పిండిమిల్లు దాకా వెళ్ళి, దారిలో నలుగురినీ పలకరించి, నాలుగింతలై ఇంటికి తిరిగొచ్చేది. అలా తిరిగొచ్చిన మాటల్లో ఒకటి కోడలు వాసంతి చెవిన పడింది. చేరవేసింది పెరుగమ్మే ఆవిడ. చెప్పేశాక, చెప్పకూడదేమోనన్నట్టు నాలిక్కరుచుకుంది కూడా.

"మా కోడలు గడప దాటితే చాలు, పిల్లకి ఒళ్ళు కాలుద్ది." ఇదీ ఆ మాట.

ఉద్యోగానికి వెళ్ళే తల్లికి ఇంతకంటే సూటిగా తగిలే మాట మరొకటి ఉండదు. వాసంతికి అరికాలి మంట నెత్తికెక్కింది. అడిగేద్దామనే వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ అత్తగారు కాళ్ళు చాపుకుని కూర్చుని, మనవరాలిని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నడుము చుట్టూ కొబ్బరినూనె రాస్తోంది. ఇంకా ఏడాది నిండని పిల్ల. పేరు విభ, పిలుపు బుజ్జమ్మ. మొలతాడు కింద, బొద్దు నడుము మీద, రూపాయి బిళ్ళంత మేర కమిలిపోయి ఉంది. అది చూశాక వాసంతి అడగాలనుకున్నది వదిలేసి పిల్ల పక్కన కూర్చుంది.

"మళ్ళీ వచ్చిందా అత్తయ్యా?"

"వచ్చింది. నువ్వు బండెక్కి పోయినాక కాసేపటికే ఏడుపందుకుంది. నడుం మీద చెయ్యేస్తే సెగ. ఇప్పుడు చూడు, చల్లగా ఉంది. నువ్వొచ్చావుగా."

ఆ చివరి మాటలో దెప్పు ఉందో లేదో వాసంతికి తెలియలేదు. డాక్టరు చెమటకాయలన్నాడు, డైపరు మార్చమన్నాడు. వాసంతి భర్త సాంబశివ గూడ్సు రైలు మీద గార్డు. ఇంట్లో ఉండే రోజుల కంటే పట్టాల మీద ఉండే రోజులే ఎక్కువ. ఆయన ఫోనులోనే, "అమ్మ మాటలు పట్టించుకోకు, అన్నీ కాకతాళీయం" అని తేల్చేశాడు. పెరుగమ్మే ఆవిడ మాత్రం దిష్టి అంది. తలా ఒకటి చెప్పారు గానీ పిల్ల నడుము మీది మచ్చ మాత్రం మానలేదు.

ఆ మొలతాడుకు వెండి తాయెత్తు ఒకటి వేలాడుతోంది. అత్తాకోడళ్ళు గొడవపడకుండా కలిసి చేసిన పనేదైనా ఉందంటే అది ఆ తాయెత్తే. బిడ్డ బొడ్డు ఊడినప్పుడు ఆ ఎండిన ముక్కను తాయెత్తులో పెట్టి మూయించి, బిడ్డ నడుముకు కట్టడం వాళ్ళింటి ఆచారం. కానీ బుజ్జమ్మ బొడ్డు ఆసుపత్రిలో గుడ్డలతోపాటు ఎక్కడో పోయింది. శేషారత్నం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "బొడ్డు లేని తాయెత్తు ఉత్త డబ్బా" అని కూర్చుంది. వాసంతికి ఇలాంటివి గిట్టవు. కానీ బాలింత ఇంట్లో ఏడుపెందుకని, తన హ్యాండ్‌బ్యాగులో కాగితంలో చుట్టి ఉన్న చిన్న రేకు ముక్క తీసి ఇచ్చింది. పావురం మెడలా నీలంగా, పచ్చగా మెరిసే ముక్క. కాన్పుకు ముందు రోజులన్నీ ఆమె ఆ రేకు తయారుచేయడంలోనే గడిపింది.

"బొడ్డుకి బదులు ఇది పెట్టించండి. దీన్ని నేనే చేశాను" అంది నవ్వులాటకి.

శేషారత్నం నవ్వులాటగా తీసుకోలేదు. ముక్కను వెలుతురుకు పట్టి చూసి, "పిల్ల కడుపులో ఉండగా చేశావు. అయితే ఇదీ దీని తోబుట్టువే" అంది. కంసాలి దగ్గరికి తనే వెళ్ళి మూతి మూయించుకొచ్చింది.

*

ఆటోనగర్లో వాసంతి పనిచేసే దక్షిణామూర్తి గారి వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలం ఉంది. ఒకప్పుడు పాత లారీ టైర్లు పడేసేవారు. ఇప్పుడు అక్కడ సన్నటి తారు రోడ్డు వంకర్లు తిరుగుతూ ఉంటుంది. రెండు పక్కలా ఫైరింజను పైపులు గట్టులా పరిచి ఉంటాయి. ఆ రోడ్డు మీద రిమోటుతో నడిచే కారు పరిగెత్తుతుంది. చూసినవాళ్ళు బొమ్మకారు అంటారు. జిలానీకి ఆ మాటంటే ఒళ్ళుమంట. ఆ కారుని నడిపేది అతనే. పోటీల్లో నడిపి, చేతివేళ్ళతో వేగాన్ని కొలవడం నేర్చుకున్నవాడు.

దక్షిణామూర్తి గారు కరెంటు ఆటోలకు స్పీడ్ కంట్రోలర్లు చేసి అమ్మాలని కలగంటున్నారు. బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉండే చిన్న పెట్టె అది. వేలు ఎంత నొక్కితే అంత కరెంటు వదలడం దాని పని. దాని కోసం లోపల తలుపుల్లాంటి స్విచ్చులు సెకనుకు వేల సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. తెరిచిన ప్రతిసారీ ఆ తలుపు కరెంటును కాస్త అడ్డుకుంటుంది. అదే నిరోధం. అడ్డుకున్నంత మేరా వేడి అవుతుంది. మామూలు పెట్టెతో జిలానీ కారు నడిపితే మొదట్లో దూకుడుగానే ఉంటుంది. తర్వాత మలుపు దాటాక లేవడానికి బద్ధకిస్తుంది. పెట్టె మీది బుల్లి ఫ్యాను గోల పెడుతుంది. చివరికి పెట్టె కాలిపోకుండా తనే కరెంటు తెంచుకుంటుంది, కారు దారి మధ్యలో చతికిలబడుతుంది. ఆటోలో పెట్టి ఆటోను తగలబెట్టుకునే కంటే ముందు చిన్న కారులో చూసుకోవడం మేలని దక్షిణామూర్తి గారి లెక్క.

వాసంతి చేసిన రేకును ఆ తలుపుల స్థానంలో పెట్టారు. కాన్పు ముందు కొలిమిలోంచి తీసిన మొదటి రేకు అది. అచ్చు పెద్దదైపోవడంతో పెట్టెలో పట్టేలా ఒక పక్క కత్తిరించి, బీరువాలో దాచి వెళ్ళింది. సెలవు ముగించుకుని వచ్చాక పెట్టెలో అతికించింది.

మొదటిరోజు జిలానీ అలవాటు కొద్దీ వేలు నొక్కాడు. కారు ఎగిరి ఎదుటి గట్టును గుద్దుకుని తలకిందులైంది.

"దీనికి వేలు చూపిస్తే చాలు మేడమ్" అన్నాడు భయంగా. "మధ్యలో పట్టుకునేవాడెవడూ లేడు."

తర్వాత అతను చెయ్యి నెమ్మది చేసుకున్నాడు. మలుపు దాటగానే కారు విల్లు వదిలిన బాణంలా పోయేది. చివరి రౌండు మొదటి రౌండులాగే ఉండేది. ఆపి పెట్టె తాకితే ఫ్రిజ్జులోంచి తీసినట్టు ఉండేది. దక్షిణామూర్తి గారు దానిని చెంపకు ఆనించుకుని చంటిపిల్లాడిలా మురిసిపోయారు.

వాసంతికి మాత్రం పెట్టెకు తగిలించిన కరెంటు మీటరు నిద్రపట్టనివ్వలేదు. బ్యాటరీ ఇచ్చినదాంట్లో మోటారుకు చేరింది తీసేస్తే, మధ్యలో పోయింది పాత పెట్టెలో పోయినంతే ఉంది. నిరోధం పోతే నష్టమూ పోవాలి. నష్టం అలాగే ఉందంటే నిరోధం ఎక్కడో ఉన్నట్టే. మరి పెట్టె ఎందుకు వేడెక్కదు?

"సార్, ఆ వేడి ఎటో పోతోంది" అంది.

"మీటరు పాతదమ్మాయ్" అన్నారాయన. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. కొత్త మీటరు కూడా అదే చెప్పింది. ఆయన ఈసారి వైర్లని అనుమానించారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తర్వాత ఆమె సరిగ్గా కొలతకు అచ్చు చేయించుకుని, అదే లోహాల పాకంతో అదే కొలిమిలో మరో నాలుగు రేకులు తీసింది. ఒక్కటీ పనిచేయలేదు. మామూలు రేకుల్లాగే వేడెక్కాయి. తన చేతిలో ఏదో మారిపోయిందని వాసంతి లోలోపల కుమిలింది. బిడ్డ ధ్యాసలో పడి పని చెడగొట్టుకుంటోందని ఎవరైనా అంటారేమోనని భయపడింది. ఇంట్లో ఒక మాట, ఇక్కడ ఇంకో మాట ఎదురవుతాయేమోనని రోజంతా బిక్కుబిక్కుమంటూ గడిపేది.

*

తర్వాత వానలు పట్టుకున్నాయి. తారు మీద నీళ్ళు నిలిచి కారు బయటికి తీయలేదు. వాసంతి రోజూ వర్క్‌షాపుకు వెళ్ళింది, వచ్చింది. పిల్లకు సెగ రాలేదు. "చూశారా అత్తయ్యా, నేను గడప దాటుతూనే ఉన్నాను" అందామనుకుని, అంటే మళ్ళీ ఏమవుతుందోనని ఊరుకుంది. చదువుకున్న మనిషిని, ఈ భయమేమిటని తన మీద తనకే కోపం వచ్చింది.

వాన వెలిసి కారు మళ్ళీ పరిగెత్తిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే పిల్ల నడుము మీద బొబ్బ లేచి ఉంది. వాసంతి దాన్ని భుజాన వేసుకుని గది నాలుగు మూలలా తిరుగుతూ ఏడ్చింది. శేషారత్నం గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ఆ రోజు ఒక్క దెప్పు మాటా అనలేదు.

ఆ తర్వాత విచిత్రంగా పిల్లకు నయమైంది. బొబ్బ మాడి, పొక్కు రాలి, కొత్త చర్మం వచ్చింది. కారు రోజూ తిరుగుతున్నా సెగ లేదు, ఏడుపు లేదు. వాసంతి కుదుటపడింది. పిల్ల మూల్గుల మధ్య వినబడని తన నవ్వు మళ్ళీ తనకే వినిపించింది.

అత్తగారే కాస్త మారినట్టు కనిపించింది. ఎండలు ముదిరినా మోచేతి దాకా ఉన్న రవికలే తొడుగుతోంది. పిల్లను ఎప్పుడూ కుడిచేతి మీదే ఎత్తుకుంటోంది. ఎడమ చేతి దండకు పసుపూ ఆముదమూ పట్టు వేసుకుంటోందని వాసన చెప్పింది.

"ఏమైంది అత్తయ్యా చేతికి?"

"వాతం" అంది శేషారత్నం. "నీకు నా వయసొచ్చినాక తెలుస్తది."

కోడలితో పనులు చేయించుకునే మనిషి కాదు ఆవిడ. పోనీ డాక్టరుకు చూపిద్దామంటే, "పిల్లదానికి చెమటకాయలని చెప్పినోడేగా, నాకేం చెప్తాడు" అని మాట తుంచేసింది. వాసంతి అక్కడితో వదిలేసింది. ఆమెకు అప్పుడు పరీక్ష తప్ప మరేదీ తలకెక్కడం లేదు.

హైదరాబాదు నుంచి ఆటోలు తయారుచేసే కంపెనీ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు కారుకు బరువు కట్టి, బ్యాటరీ మీద బ్యాటరీ మారుస్తూ, ఆపకుండా తిప్పాలి. అది గెలిస్తే వర్క్‌షాపు నిలబడుతుంది. ఓడితే దక్షిణామూర్తి గారు మళ్ళీ ట్రాక్టర్ల డైనమోలు చుట్టించుకోవాలి. వాసంతి ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చుంటే వీధి వీధంతా ఏమనుకుంటుందో ఆమెకు బాగా తెలుసు.

ఆ పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే శేషారత్నం అడిగింది. "ఇవాళ బాగా పనా?"

"పెద్ద పరీక్ష అత్తయ్యా. ఆగకుండా నడవాలి."

శేషారత్నం ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "సరే. పోయిరా. నిదానంగా రా" అంది. పెరట్లోకి వెళ్ళి పంపు తిప్పి, ఉన్న బకెట్లన్నీ నింపుకోవడం మొదలుపెట్టింది. కుళాయి రోజంతా వచ్చే ఇంట్లో ఇన్ని నీళ్ళు ఎందుకో అనుకుంటూ వాసంతి బండెక్కింది.

*

కారు చక్కగా తిరిగింది. బరువు కట్టినా, ఎండ మండుతున్నా, మలుపుల దగ్గర దాని దూకుడు తగ్గలేదు. కంపెనీ పెద్దాయన ప్రతిసారీ బ్యాటరీ మార్చేటప్పుడు పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసి తల ఆడించాడు. దక్షిణామూర్తి గారు ఉబ్బి తబ్బిబ్బై, జిలానీ చేతిలోని రిమోటు తీసుకుని ఆయనకే ఇచ్చేశారు. "మీరే నడిపి చూడండి సార్."

జిలానీ చేతులు ఖాళీ అయి వాసంతి పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతని కళ్ళు మాత్రం కారు మీదే ఉన్నాయి.

"మేడమ్, ఒకటి అడుగుతాను. అదే పాకం, అదే కొలిమి. ఈ రేకొక్కటే ఎందుకు పనిచేస్తోంది? మిగతా వాటిలో లేంది దీంట్లో ఏముంది?"

"ఏమీ లేదు జిలానీ. దీన్ని కత్తిరించాం, వాటిని కత్తిరించలేదు. అంతే తేడా."

"కత్తిరించిన ముక్క ఏమైంది?"

వాసంతి చెప్పబోయింది. అంతలో చూపు కారు మీది పెట్టె మీద పడింది.

ఎటో పోతున్న వేడి. మీటరులో కనబడుతూ పెట్టెలో కనబడని నష్టం. వానల్లో కారు ఆగినన్ని రోజులూ చల్లగా ఉన్న నడుము. రేకును రెండుగా కోస్తే ఒక ముక్క నిరోధమంతా రెండో ముక్కకు పోతోంది. ఈ ముక్క ఎంత చల్లగా ఉంటే ఆ ముక్క అంత కాలుతోంది. ఆ ముక్క బుజ్జమ్మ మొలతాడుకు ఉంది. గడప దాటితే చాలు, పిల్లకి ఒళ్ళు కాలుద్ది.

ఫోను తీసి ఇంటికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"సార్, కారు ఆపించండి. ఇప్పుడే" అంది. దక్షిణామూర్తి గారు ఏమిటిదన్నట్టు కళ్ళెర్రజేసి, మళ్ళీ అతిథి వైపు తిరిగి నవ్వారు. జిలానీ ఆయన్ని దాటి పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు. ఆ పరుగు కూడా ఆలస్యమనిపించింది వాసంతికి. ఆమె పైపుల గట్టు దాటి తారు మీదికి వెళ్ళి, మలుపులో నిలబడింది.

కారు ఆమె పిక్కను కొట్టి పక్కకు ఎగిరి, ముక్కుతో గట్టులో దూరింది. రెండు పైపుల మధ్య చక్రాలు ఇరుక్కున్నాయి. అదాటున కంపెనీ పెద్దాయన వేలు తీయాల్సింది పోయి ఇంకా గట్టిగా బిగించాడు. మోటారు తిరగలేక మూలుగుతోంది. తిరిగే మోటారు కంటే తిరగలేని మోటారు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ సంగతి వాసంతికి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. ఆపడానికి తను చేసిన పనే అంతకుముందెన్నడూ లేనంత మంటను అటువైపు పంపుతోంది. ఆమె మోకాళ్ళ మీద పడి, పాకి, రెండు చేతులతో బ్యాటరీ వైరు పట్టి లాగింది. మూలుగు ఆగింది. పెట్టె మాత్రం మంచుగడ్డలా ఉంది.

"నన్ను ఇంటికి తీసుకెళ్ళు" అంది జిలానీతో.

అతను వెనక దక్షిణామూర్తి గారు పిలుస్తున్నా ఆగకుండా మోటారు సైకిలు తీశాడు. దారంతా వాసంతి పిక్క నుంచి నెత్తురు కారుతూనే ఉంది. ఆమెకు అది తెలియలేదు. తను దేవుణ్ణి నమ్మదు. అయినా ఎవరెవరికో మొక్కుకుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నలు పడితే బండి దిగి నడుద్దామా అనుకుంది.

*

ఇంటి తలుపు తెరిచే ఉంది. ఉయ్యాల్లో బుజ్జమ్మ నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతోంది.

వాసంతి గౌను పైకెత్తింది. నడుము తెల్లగా, నున్నగా ఉంది. మొలతాడుకు తాయెత్తు ఉంది. దాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది.

ఆమె ఉయ్యాల పక్కనే కూలబడింది. అయితే తను అనుకున్నదంతా పిచ్చి ఊహేనా? అలాగైతే ఎంత బాగుండు. పరీక్ష పోయింది, ఉద్యోగం పోతుంది, వీధిలో నవ్వుతారు. నవ్వనీ. నవ్వొచ్చింది వాసంతికి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే.

అప్పుడు పెరట్లోంచి నీళ్ళ చప్పుడు వినబడింది.

శేషారత్నం బకెట్లో ఎడమచెయ్యి దండ దాకా ముంచి, చప్టా మీద కూర్చుని ఉంది. కింద పెదవి పళ్ళ మధ్య ఉంది. చుట్టూ మిగతా బకెట్లు. ఒక దాంట్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. కోడలిని చూసి చెయ్యి దాచుకోబోయింది గానీ దాచుకునే ఓపిక లేక అలాగే ఉండిపోయింది.

"పిల్ల ఏడ్చిందా?" అని అడిగింది.

వాసంతి ఆ చెయ్యి నీళ్ళలోంచి పైకి తీసింది. దండకు నల్లతాడు. తాడుకు వెండి తాయెత్తు. దాని చుట్టూ పాత మచ్చలు పొరలు పొరలుగా ఉన్నాయి. వాటి మీద ఇవాళ కాలిన చర్మం తాయెత్తుకు అంటుకుపోయి ఉంది.

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"నువ్వు పిల్లనెత్తుకుని ఏడ్చావే, ఆ మర్నాటి నుంచి. సెగంతా ఇందులో ఉందని నాకు అంతకుముందే తెలుసు. చెయ్యేస్తే తెలియదా ఏంది? పిల్లకి ఇంకోటి చేయించి కట్టా, ఉత్తది. లేకపోతే నువ్వు అడుగుతావుగా."

"తీసి అవతల పారేయాల్సింది."

"పారేస్తే?" శేషారత్నం తెలివితక్కువ పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఒంటిమీది తాయెత్తు పారేస్తే, దానికి తగలాల్సిందంతా తిరిగి బిడ్డకే వస్తది. ఎవరో ఒకరు కట్టుకోవాల. నీకు చెప్తే నువ్వు ఒప్పుకోవు. నీకు ఇట్టాంటివి గిట్టవు."

వాసంతి చల్లటి నీళ్ళ బకెట్టు ముందుకు లాగి ఆ చేతిని అందులో ముంచింది.

"రోజూ ఉండే సెగ ఓర్చుకున్నా. ఇందాక మాత్రం ఒక్కసారిగా నిప్పుకణిక పెట్టి నొక్కినట్టైంది. తాడు తెంపుదామని చెయ్యి పోయింది. మళ్ళీ పిల్ల గుర్తొచ్చి ఆగా." ఆవిడ నీళ్ళలో చెయ్యి కదిపి చూసుకుంది. "ఆ తర్వాత ఉన్నట్టుండి చల్లబడ్డది. పోయిందంటావా?"

"పోయింది. ఇక రాదు."

"వీధిలో నీ గురించి ఒక మాటన్నాలే. నువ్వు గడప దాటితే పిల్లకి కాలుద్దని. నోటి తీట. నీకు పనెక్కువైన రోజే ఇది రేగినా, అందులో నీ తప్పేముంది? ఇప్పుడు నీ కాలు చూడు, నా మాటే తగిలినట్టుంది. మనసులో పెట్టుకోబాక."

వాసంతి ఆవిడ తడి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. "మీరన్నదే నిజం అత్తయ్యా. ఇందాక మండిందే, అది నేను చేసిందే. ఇన్నాళ్ళూ మీ చెయ్యి కాల్చింది నేనే." ఆ తర్వాత వెక్కిళ్ళ మధ్య కారు గురించీ, రేకు గురించీ, కోసిన ముక్క గురించీ చెప్పింది.

శేషారత్నం అంతా విని, కుడిచేత్తో కోడలి తల నిమిరింది. ఎంత అర్థమైందో తెలియదు. "తోబుట్టువని చెప్పలా? విడదీస్తే ఒకళ్ళ మంట ఇంకొకళ్ళకి తగలకుండా ఉంటదా" అని మాత్రం అంది. అప్పటికి జిలానీ ఆటో పిలుచుకొచ్చాడు.

*

ఆసుపత్రిలో తాయెత్తు వేరు చేసేటప్పుడు చర్మం కూడా వచ్చింది. కట్లు, మందులు, సాంబశివ సెలవు పెట్టి రావడం, వీటిలో పడి వాసంతి కొన్నాళ్ళు వర్క్‌షాపు వైపు చూడలేదు. జిలానీ మాత్రం ఒకరోజు వచ్చి, కారులోంచి ఊడదీసిన రేకును రుమాలులో చుట్టి ఇచ్చాడు. "సార్ మీరే పట్టుకెళ్ళారనుకుంటున్నారు. అననివ్వండి" అన్నాడు.

శేషారత్నం కాస్త తేరుకున్నాక, వాసంతి రెండు ముక్కలూ తీసుకుని పొద్దున్నే వర్క్‌షాపుకు వెళ్ళి కొలిమి వెలిగించింది. రెండింటినీ ఒకే మూసలో పడేసి, కరిగి ఒకటయ్యేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత మిగతా నాలుగు రేకుల కోసం బీరువా తెరిచింది. మూడే ఉన్నాయి.

"వచ్చావా అమ్మాయ్" అంటూ దక్షిణామూర్తి గారు వెనక నుంచి వచ్చారు. ఆయన మొహంలో కోపం లేదు. "ఆ రోజు నువ్వలా అడ్డం పడినా వాళ్ళకి కారు బాగా నచ్చింది. శాంపిలు కావాలన్నారు. మొదటిది నీ దగ్గరుందిగా. అందుకని వీటిలో ఒకటి ఇచ్చి పంపాను."

"అవి పనిచేయవుగా సార్."

"వాళ్ళది పెద్ద ల్యాబు, వాళ్ళే తంటాలు పడతారు. వాళ్ళ పెట్టె మనదానికంటే చిన్నదట. కావలసిన సైజుకి కోసుకోమన్నాను."

వాసంతి ఆయన బల్ల మీది కార్డు తీసుకుని నంబరు నొక్కింది. అటువైపు కుర్ర ఇంజనీరు ఎవరో ఎత్తాడు. ఆమె పేరు చెప్పగానే అతని గొంతులో ఉత్సాహం పొంగింది.

"మేడమ్, మీకే చేద్దామనుకుంటున్నాం. రేకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నిన్నటి నుంచి లోడు మీద పెట్టాం, పెట్టె మంచులా ఉంది."

"కోసిన ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"సైజుకి కోశారుగా. అందులో మిగిలిన ముక్క."

"అదా, ఇక్కడే బల్ల మీద ఉండాలే." కాగితాలు జరిపిన చప్పుడు వినబడింది. "కనబడటం లేదు మేడమ్. చూడ్డానికి నీలంగా, పచ్చగా బాగుందని ఎవరో ఇంటికి తీసుకెళ్ళినట్టున్నారు. ఏం, కావాలా?"

అతని మాటల వెనక మోటారు తిరుగుతున్న చప్పుడు సన్నగా వినబడుతూనే ఉంది.

"ముందు దాన్ని ఆపండి" అంది వాసంతి.